తొమ్మిదో తారీఖు, సంత రోజు

2023 నవంబరు 9, గురువారం

ప్రతి నెలా తొమ్మిదో తారీఖున గర్భిణులందరినీ పిలిపించి డాక్టరు స్వయంగా చూడాలని 2016లో కేంద్రం పెట్టిన కార్యక్రమం ఇవాళ మా పీహెచ్‌సీలోనూ జరిగింది. బ్యానరు కట్టాం. బీపీ మిషను, రక్తపరీక్ష పట్టీలు, టీడీ ఇంజక్షన్లు, ఎర్ర మాత్రల డబ్బాలు అన్నీ బల్ల మీద సర్దాం. పదకొండు దాటినా రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళే కనబడ్డారు. వాళ్ళలో చాలామంది ముందే ఒకటికి రెండుసార్లు చూపించుకున్నవాళ్ళు. గెడ్డవతల ఊళ్ళ నుంచి ఒక్కరూ రాలేదు.

ఎందుకు రాలేదని డాక్టరుగారు అడిగారు. ఈ మధ్యనే వచ్చిన కుర్రాయన. కోపంతో అడగలేదు, తెలుసుకోవాలనే అడిగారు. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. పండు ఎర్రబడితే ఆగదు, ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు, కడుపుతో ఉన్నవాళ్ళూ బుట్ట కట్టుకుని కోస్తారు అని చెప్పాను. ఇంకో సంగతీ చెప్పాను. గెడ్డవతలికి సర్వీసు జీపు శనివారం సంతకి తప్ప తిరగదు. గురువారం రమ్మంటే ఏడో నెల మనిషి గెడ్డ దాటి, కొండ దిగి, రోడ్డు దాకా నడవాలి. సాయంత్రం మళ్ళీ ఆ కొండే ఎక్కాలి. వెంట ఇంకో మనిషి రావాలి కాబట్టి ఇద్దరి కూలీ పోతుంది.

తొమ్మిదో తారీఖు ఏ వారం పడుతుందో కొండ మీద ఎవరికీ పట్టదు. అక్కడ రోజులన్నీ శనివారం నుంచి శనివారానికే నడుస్తాయి.

2023 నవంబరు 11, శనివారం

రేపు దీపావళి. సంత కిక్కిరిసిపోయింది. ఆశ అక్కా నేనూ జ్వరాలవాళ్ళ కోసం తిరుగుతున్నాం. అల్లం బస్తా పక్కన కూర్చున్న ఒక మనిషిని చూసి ఆగిపోయాను. కొంగు ముందుకి లాక్కుని కూర్చుంది కానీ ఆ కడుపు దాగేది కాదు. నా రిజిస్టరులో ఈ మనిషి లేదు.

“ఎన్నో నెలమ్మా?” అన్నాను.

ఆ అమ్మాయి అత్త వైపు చూసింది. అత్త నవ్వి, “నెలలు మాకేం తెలుసు సిస్టరమ్మా. నిండితే నొప్పులొస్తాయి” అంది.

మందలించడానికి నోరు రాలేదు. టీ తాగుదాం రమ్మని ఇద్దరినీ ఆశ అక్క చుట్టాలింటికి తీసుకెళ్ళాం. అక్కడ కూర్చున్నాక మెల్లగా చెప్పింది. ఇది మూడో కాన్పు. మొదటి పిల్ల బాగానే ఉంది, బడికి పోతోంది. రెండోసారి నెల తప్పినప్పుడు, వాంతులు ఆగకపోతే, మూడో నెలలోనే భర్తని వెంటబెట్టుకుని ఒక ఆసుపత్రికి వెళ్ళిందట. ఆధార్‌లో పేరు ఒకలా ఉంది, రేషన్ కార్డులో ఇంకోలా ఉంది, ఫోను నంబరు లేదు. అవి సరిచేయించుకుని రమ్మన్నారట. బీపీ చూడలేదు, కడుపు మీద చెయ్యి వెయ్యలేదు. ఆ తరవాత వెళ్ళలేదు. నెలలు నిండకుండానే ఇంట్లో కాన్పయింది. బిడ్డ దక్కలేదు.

ఇది వింటుంటే నాకు కడుపు రగిలిపోయింది. గిరిజనులు రమ్మన్నా రారని మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నానో. ఈమె వచ్చింది. వేళకే వచ్చింది. వచ్చిన మనిషిని కాగితం లేదని తిప్పి పంపిన రోజు ఏ రిజిస్టరులోనూ ఉండదు. రాని రోజులు మాత్రం ఎర్ర సిరాతో ఉంటాయి.

ఆ ఇంట్లోనే తలుపు దగ్గరగా వేసి చూశాను. బరువు 41 కిలోలు. బీపీ 110, 70. మలేరియా పరీక్ష నెగెటివ్. రక్తం 7.8 గ్రాములు. పదకొండు ఉండాలి, ఏడు కన్నా తగ్గితే ప్రాణం మీదికొస్తుంది. బిడ్డ గుండె చప్పుడు చక్కగా వినబడింది. ఆ గొట్టం అత్త చెవికీ ఆనించాను. ఆవిడ ముఖం చూసి తీరాలి. తన కోడలి కడుపులో అంత వేగంగా కొట్టుకుంటుందని ఎన్నడూ అనుకోలేదట.

టేపు పెట్టి కొలిస్తే కడుపు 27 సెంటీమీటర్లు వచ్చింది. ఇరవయ్యో వారం దాటాక ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు రావాలి. ఎన్ని వారాలో తెలిస్తే కదా.

2023 నవంబరు 14, మంగళవారం

నిన్న రాత్రంతా ఆ 27 గురించే ఆలోచన.

తల్లీబిడ్డ రక్షణ కార్డులో ముందుగా నింపాల్సిన వాటిలో ఒకటి ఆఖరి ముట్టు తేదీ. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ. మాత్రలు ఎన్ని మింగాలి, ఏ నెలకి బిడ్డ ఎంత పెరగాలి, ఎప్పుడు కొండ దింపి ఆసుపత్రి దగ్గర ఉంచాలి అన్నవన్నీ ఆ గడి మీదే ఆధారపడి ఉంటాయి. పన్నెండు వారాల్లోపు నమోదు చేయమని మమ్మల్ని అంతగా తొందరపెట్టేది ఇందుకే. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగు కాన్పు తేదీని వారం అటూ ఇటూగా చెప్పేస్తుంది. ఎనిమిదో నెలలో తీస్తే అదే మిషను మూడు వారాలు తప్పవచ్చు. ఆలస్యంగా వచ్చిన మనిషికి మొట్టమొదట పోయేది ఈ తేదీ. రక్తాన్ని కొంతైనా పెంచవచ్చు, ఇంజక్షను ఇవ్వవచ్చు. తేదీ మాత్రం వెనక్కి రాదు.

తేదీలు రాసుకోని మనిషిని తేదీ అడిగితే ఏం చెబుతుంది? తెలియదంటుంది. మేం ఆ గడిలో ఒక అంకె వేసేస్తాం. ఏ నెల ఒకటో తారీఖో, పదిహేనో తారీఖో. ఇన్నేళ్ళుగా పాత కార్డులు తిరగేస్తుంటే ఎన్నిట్లో పదిహేనో తారీఖు ఉందో చూసి మనసు చివుక్కుమంటుంది. ఇంతమందికి ఒకే తారీఖున ముట్టు వస్తుందా?

ఆ సంత అమ్మాయిని నేను ఆదివాసీ ఒడియాలో అడిగాను. కువి మాట్లాడేవాళ్ళయితే ఆశ అక్క అడుగుతుంది. తారీఖు అడగలేదు. ఆఖరుసారి బయట చేరినప్పుడు పొలంలో ఏం పని నడుస్తోంది అన్నాను. వెంటనే చెప్పింది. పొలం పని కాదు, ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి పోయిన వారం. వాళ్ళు తిరిగొచ్చి ఆడుతుంటే తను దూరంగా కూర్చోవలసి వచ్చిందని గుర్తు. ఆ తరవాత మళ్ళీ రాలేదు.

వాళ్ళ ఊళ్ళో పండగ ఎప్పుడు చేశారో నలుగురిని అడిగి, ఆ వారం సంత ఏ శనివారమో చూసుకుంటే ఏప్రిల్ 10 దగ్గర తేలింది. అంటే కాన్పు జనవరి 17 ప్రాంతంలో. అంటే శనివారం నాటికి ముప్ఫై వారాలు దాటాయి. కడుపు మాత్రం 27.

ఇందులో రెండు సంగతులు ఉండొచ్చు. ఆమె చెప్పిన పండగ లెక్క తప్పై ఉండాలి, లేదా లెక్క సరైనదై కడుపులో బిడ్డ ఎదగడం లేదై ఉండాలి. మొదటిదైతే భయం లేదు. రెండోదైతే ఆ బిడ్డని కంటికి రెప్పలా చూసుకోవాలి. మూడో నెలలో ఒక్క స్కానింగు ఉండి ఉంటే ఈ సందేహమే వచ్చేది కాదు.

అందరికీ పండగ గుర్తుండదు. చంటిబిడ్డ పాలు తాగుతుండగానే మళ్ళీ నీళ్ళోసుకున్నవాళ్ళకి అడగడానికి ఆఖరి ముట్టే ఉండదు. వాళ్ళ విషయంలో కడుపు కదలిక ఎప్పుడు తెలిసింది అని అడుగుతాం. వలిసెలు పూసినప్పుడు, చోళ్ళు నూర్చినప్పుడు, సామలు కోసినప్పుడు అని వాళ్ళ సమాధానాలు వస్తాయి. నేనొక పెద్ద కాగితం మీద నెలల వెంబడి పంటలూ పండగలూ వానలూ ఊరూరికీ విడివిడిగా రాయడం మొదలుపెట్టాను. కొండకీ కొండకీ పండగ రోజు మారుతుంది, అది ఒక చిక్కు.

2023 నవంబరు 22, బుధవారం

గెడ్డవతలి ఊళ్ళకి వెళ్ళాం. వాన లేదు కాబట్టి రాళ్ళ మీద నడిచి దాటొచ్చు.

ఆశ అక్క సంచిలో నిశ్చయ్ కిట్లు ఉంటాయి. రెండు చుక్కల మూత్రం వేస్తే నెల తప్పిందో లేదో ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఉచితం. అయినా అవి సంచిలోనే పాతబడతాయి. మూడో నెల దాటేదాకా నోరు విప్పకూడదన్న పట్టింపు కొండ మీద ఒక్కచోటే ఉన్నదని నేననుకోను. మైదానంలో చదువుకున్న ఇళ్ళలోనూ ఉంది. దిష్టి తగులుతుందని, నిలబడకపోతే నలుగురూ నాలుగు మాటలంటారని. కాకపోతే పట్నంలో కోడలు చుట్టాలకి చెప్పకపోయినా డాక్టరుకి చెబుతుంది. ఇక్కడ డాక్టరుకి చెప్పాలన్నా ఊరందరి ముందూ జీపు ఎక్కాలి. ఆశకి చెబితే ఆమె ఆ ఊరి కోడలే, ఆమె ఇంటికి ఎవరు ఎందుకొచ్చారో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది.

ఫోలిక్ యాసిడ్ సంగతి తలుచుకుంటే మరీ బాధ. బిడ్డ వెన్నెముక గొట్టం గర్భం నిలిచిన నెల లోపే మూసుకుంటుంది. తల్లికి అనుమానం వచ్చేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. పన్నెండో వారం లోపు వచ్చారని మేం సంబరపడేవాళ్ళకి కూడా దాని మట్టుకు ఆలస్యమే. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ముందే ఇవ్వాలి. ఇళ్ళకి వెళ్ళి కొత్త కోడళ్ళకి ఇస్తే, ఏ మాత్రలో అని అత్తలు అనుమానపడతారు. అది విడిగా కూర్చుని మాట్లాడవలసిన పని.

ఒక ఇంట్లో తలుపు వేసేసుకున్నారు. లోపల అమ్మాయి ఉందని తెలుసు. ఇంకా పద్దెనిమిది నిండలేదని కూడా తెలుసు. వాళ్ళ భయం ఏమిటో ఆ ఇంటి పెద్దాయన గుమ్మంలోనే చెప్పాడు. “నువ్వు రాస్తే పోలీసులొస్తారంట సిస్టరమ్మా.” అబద్ధం చెప్పలేను. చిన్నవయసు పిల్ల కడుపుతో వస్తే ఆసుపత్రివాళ్ళు చెప్పి తీరాలి, 2012 నాటి పోక్సో చట్టం అలాగే ఉంది. ఆ చట్టం అక్కర్లేదని నేననను, దాని అవసరం ఎక్కడెక్కడ ఉందో కళ్ళారా చూశాను. కానీ ఆ తలుపు వెనక ఉన్న పిల్ల ఒళ్ళు ఇంకా ఎదుగుతూనే ఉంది. అందరికన్నా ముందుగా, అందరికన్నా ఎక్కువసార్లు చూడవలసిన కడుపు అది. చట్టానికి భయపడి దాచేది ఆ పిల్లనే. గుమ్మంలోనే కూర్చుని చాలాసేపు మాట్లాడాను. చివరికి నానమ్మ అమ్మాయిని బయటికి తీసుకొచ్చింది. కేసు సంగతి డాక్టరుగారు, అంగన్‌వాడీ సూపర్‌వైజరుగారు కలిసి వచ్చి కుటుంబంతో మాట్లాడతారని, పరీక్షలు మాత్రం ఆగవని చెప్పాను. రక్తం 8.4. పాదాలు కొంచెం పొంగాయి. బీపీ సరిగానే ఉంది, కానీ ముందు ఎంత ఉండేదో తెలియదు కాబట్టి ఇప్పుడు పెరిగిందో లేదో చెప్పలేను. గుర్రపువాతం వచ్చే ముందు బీపీ ఏ మాత్రం ఎగబాకుతోందో కనిపెట్టాలంటే మొదటి నెలల అంకె చేతిలో ఉండాలి.

2023 నవంబరు 28, మంగళవారం

పాడేరులో శిక్షణ. తెర మీద అంకెలు చూపించారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మొదటి మూడు నెలల్లో పరీక్షకి వచ్చినవాళ్ళు నూటికి డెబ్భై. నాలుగుసార్లయినా వచ్చినవాళ్ళు యాభై ఎనిమిది. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత. నూట ఎనభై రోజులు ఐరన్ మాత్రలు మింగినవాళ్ళు నాలుగోవంతు. లక్ష సజీవ జననాలకి తల్లుల మరణాలు 2018–20లో దేశంలో 97, మన రాష్ట్రంలో 45. నాలుగు పరీక్షలు చాలవు, ఎనిమిది కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది.

ఆ 45 చూసి హాల్లో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, దాని వెనక ఎంత మంది రెక్కల కష్టం ఉందో తెలుసు. అయితే సముద్రపు ఒడ్డునుంచి కొండ కొన దాకా కలిపి తీసిన సగటు అది. మా కొండల వరకు విడదీసి ఎవరైనా చెబితే వినాలని ఉంది.

మా నెలవారీ పట్టికలో రెండు గడులు పక్కపక్కనే ఉంటాయి. మొత్తం నమోదు, పన్నెండు వారాల్లోపు నమోదు. మొదటిది ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఎనిమిదో నెలలో సంతలో దొరికిన మనిషి కూడా అందులో ఒక అంకె అవుతుంది. సమీక్షల్లో చదివేది ఆ గడే. రెండో గడి ముందు చదవాలని నేను లేచి అన్నాను. రాసుకున్నారు.

ఎర్ర మాత్ర ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున నూట ఎనభై. మాత్రలతో రక్తం పెరిగేది నెలకి ఇంచుమించు ఒక గ్రాము. ఎనిమిదో నెలలో 7.8తో మొదలుపెట్టిన మనిషి కాన్పు నాటికి ఎంతకి చేరుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే అలాంటివాళ్ళకి ఐరన్ సుక్రోజ్ సెలైన్‌లో కలిపి ఎక్కించాలి. దానికి ఆసుపత్రికే రావాలి, అదీ పలుమార్లు. మళ్ళీ జీపు దగ్గరికే వచ్చాం.

2023 డిసెంబరు 6, బుధవారం

మిచౌంగ్ తుఫాను నిన్న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ వాన ఆగలేదు. గెడ్డ పొంగింది. అవతల ఫోను సిగ్నల్ లేదు. కాఫీ పళ్ళు రాలిపోయి ఉంటాయి.

2023 డిసెంబరు 9, శనివారం

ఈ నెల తొమ్మిదో తారీఖూ, సంతా ఒకే రోజు పడ్డాయి. ముందే చూసుకుని డాక్టరుగారితో మాట్లాడాను. పీహెచ్‌సీ నుంచి సంతకి నడిచే దూరమే, అయినా బల్లలు సంత పక్కనే వేద్దాం అన్నాను. సరేనన్నారు. పాత పంచాయతీ షెడ్డు ఊడ్పించాం.

గెడ్డ నిన్న సాయంత్రానికి తగ్గింది. వాన రోజుల్లో ఆగిపోయిన సరుకంతా ఇవాళే దింపారు. పొద్దున్నే జీపులు వచ్చాయి. అల్లం, పసుపు, రాజ్మా బస్తాలతోపాటు కడుపుతో ఉన్నవాళ్ళూ దిగారు. సరుకు అమ్ముకుని, మా దగ్గర కూర్చుని, మళ్ళీ అదే జీపులో వెళ్ళిపోవచ్చు. మధ్యాహ్నానికి పట్టీలు అయిపోతే మనిషిని పీహెచ్‌సీకి పరుగెత్తించాం. నా రిజిస్టరులో ఎక్కనివాళ్ళు ఎందరో కనబడ్డారు. ఒకామె నూనె సీసా చేత్తో పట్టుకునే వచ్చి, ఇంకా ఎవరికీ చెప్పలేదు, రెండో నెల అని చెవిలో చెప్పింది. సంతలో ఎవరు ఎక్కడికి వెళ్ళారో ఎవరూ పట్టించుకోరు. ఊళ్ళో ఆశ ఇంటికి వెళ్ళడానికి జంకినవాళ్ళకి ఈ గుంపే చాటు అయింది. ఇది నేను ముందు ఊహించని సంగతి.

అల్లం అమ్మిన అమ్మాయి అత్తతో వచ్చింది. ఐరన్ సుక్రోజ్ మొదలుపెట్టాం. టేపు 30 సెంటీమీటర్లు చూపించింది. పండగ లెక్క ప్రకారం 34 దాటాలి. డాక్టరుగారు చూసి, పాడేరు స్కానింగుకి రాశారు.

సాయంత్రం ఆయన రిజిస్టరు మూసి, “మిగతా శనివారాలు ఏం చేద్దాం?” అన్నారు. ఆ మాట కోసమే నేనూ ఎదురుచూస్తున్నాను.

2023 డిసెంబరు 19, మంగళవారం

పన్నెండో తారీఖు నుంచి రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మెలో ఉన్నారు. వాళ్ళ జీతాలు చూస్తే న్యాయమేననిపిస్తుంది. కానీ గుడ్డూ పాలూ ఆగిపోయిన ఇళ్ళు ఏవో నాకు తెలుసు. చోడి అంబలిలో మునగాకు కలిపి తాగమని, దొరికినప్పుడు చేపలు తినమని చెప్పుకుంటూ తిరుగుతున్నాం.

స్కానింగుకి అమ్మాయితో ఆశ అక్క వెళ్ళింది. ముప్ఫై మూడు వారాలని రాశారు, కాన్పు ఫిబ్రవరి మొదటి వారంలో అట. పండగ లెక్క ప్రకారం ఇవాళ్టికి ముప్ఫై ఆరు. మిషను బిడ్డ తల, తొడ ఎముక కొలిచి, సగటు బిడ్డకి ఇంత ఉంటే ఇన్ని వారాలు అని చెబుతుంది. బిడ్డే చిన్నదైతే మిషను దాన్ని వయసులో చిన్నదిగా చూపిస్తుంది. అప్పుడు ఎదగని బిడ్డ కాస్తా, ఇంకా వేళ కాని బిడ్డ అయిపోతుంది. కాగితం చూసినవాళ్ళెవరికీ అనుమానం రాదు.

రక్తం మాత్రం 9.1కి వచ్చింది. సంతోషంగా ఉంది.

2024 జనవరి 2, మంగళవారం

సాలూరులో 2018లో గిరిశిఖర గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. కాన్పుకి ముందే కొండ దిగి వచ్చి అక్కడ ఉండొచ్చు. తిండి, మంచం, నర్సు, నొప్పులొస్తే పక్కనే ఆసుపత్రి. డోలీ మోతలు తప్పించడానికి ఇంతకన్నా మంచి ఆలోచన నాకు తెలియదు. మా వైపూ అలాంటి ఇల్లు ఉంది. అమ్మాయిని ఈ వారమే అక్కడికి పంపాలి.

అక్కడ స్కానింగు కాగితం చూశారు. ఫిబ్రవరి అని ఉంది, ఇంకా నెల పైన ఉంది కదా, సంక్రాంతి అయ్యాక తీసుకురండి అన్నారు. వాళ్ళ తప్పు కాదు. మంచాలు తక్కువ, కాగితం ఏం చెబితే అదే చూడాలి.

డాక్టరుగారికి ఫోను చేశాను. ఇటుకల పండగ, వేట, దూరంగా కూర్చున్న రోజు, అంతా మళ్ళీ చెప్పాను. పన్నెండు వారాల స్కానింగు ఉంటే దాన్నే నమ్మేవాళ్ళం, అది లేనప్పుడు ఎనిమిదో నెల మిషను కన్నా ఆ మనిషి జ్ఞాపకమే గట్టిది అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, తన చేత్తో చీటీ రాసి పంపారు. బిడ్డ ఎదుగుదల లోపం అనుమానం, కాన్పు జనవరి రెండు మూడు వారాల్లో, చేర్చుకోగలరు. చేర్చుకున్నారు.

అత్త ఒప్పుకోదేమోనని భయపడ్డాను. కోత చివరి రోజులు, పెద్దపిల్లని చూసుకోవాలి. “ఆ చప్పుడు విన్నాను కదా సిస్టరమ్మా, పో అని నేనే అన్నాను” అంది.

2024 జనవరి 9, మంగళవారం

తొమ్మిదో తారీఖు. మంగళవారం. మళ్ళీ రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళే.

2024 జనవరి 11, గురువారం

తెల్లవారుజామున ఆడపిల్ల. మామూలు కాన్పు. 2 కిలోల 100 గ్రాములు. రక్తస్రావం ఎక్కువ కాలేదు, 7.8తోనే ఉండి ఉంటే ఆ కాస్త రక్తం పోవడం కూడా తట్టుకునేది కాదు.

మధ్యాహ్నం వెళ్ళి చూశాను. బిడ్డ పాదాలు తిప్పి చూశాను. అరికాలి నిండా గీతలు, మడమ దాకా. చెవి మడిస్తే టక్కున నిలబడింది. నెలలు నిండిన బిడ్డ. చిన్నగా పుట్టింది కానీ ముందుగా పుట్టలేదు. ఆమె పండగ లెక్కే సరైంది. ఆ మాట చెబితే అమ్మాయి నా వైపు వింతగా చూసింది. తన రోజులు తనకి తెలియడంలో వింతేముంది అన్నట్టు.

ఒళ్ళు చల్లబడకుండా తల్లి గుండెల మీదే కట్టి ఉంచమన్నాం. పాలు పట్టుకుంటోంది.

చిన్నవయసు అమ్మాయికి ఎనిమిదో నెల నడుస్తోంది. బీపీ నెమ్మదిగా పెరుగుతోంది, 130 దాటింది. పెద్దాసుపత్రికి పంపాం. వాళ్ళ నాన్న కూడా వెళ్ళాడు. అక్కడ నాలుగు రోజులు ఉంచి చూస్తామన్నారు.

2024 ఫిబ్రవరి 3, శనివారం

సమ్మె ముగిసి అంగన్‌వాడీలు తెరిచారు. చిన్నమ్మాయికి వారం కిందట కాన్పయింది, పెద్దాసుపత్రిలోనే. తల్లీ బిడ్డా తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో రోడ్డు దాకా వచ్చారు, అక్కణ్ణుంచి నడక. ఆ నడక నాకు నచ్చలేదు, చంటిబిడ్డతో కొండెక్కడం. రోడ్డు వేస్తామని చెబుతూనే ఉన్నారు.

పంటల కాగితం ఒక కొలిక్కి వచ్చింది. ఆశ అక్కలంతా కూర్చుని తప్పులు దిద్దారు. ఒక ఊళ్ళో కొర్ర కొత్త పండగ నేను రాసిన దానికన్నా రెండు వారాల ముందు చేస్తారట, మార్చాను. డాక్టరుగారు దాన్ని ఫొటో తీసి పక్క పీహెచ్‌సీకి పంపారు.

ఇక మీద ప్రతి శనివారం సంత షెడ్డులో కూర్చుంటాం. తొమ్మిదో తారీఖు బ్యానరు ఆ రోజుకి కట్టుకుంటాం, ఆన్‌లైన్‌లో ఎక్కించేది ఎలాగో జిల్లాలో అడుగుతామన్నారు. రెండో నెలలో వచ్చిన నూనె సీసా ఆమె ఇవాళ స్కానింగు కాగితం తీసుకొచ్చి చూపించింది. పన్నెండో వారంలో తీసింది. కార్డులో తేదీ గడి నిజమైన అంకెతో నింపాను.

షెడ్డుకి మూడు పక్కల గోడలే ఉన్నాయి. సంతలో తిరిగేవాళ్ళకి లోపల పడుకున్న మనిషి కనబడుతోందని ఇద్దరు కడుపు చూపించుకోకుండానే వెళ్ళిపోయారు. వచ్చే శనివారానికి అడ్డం కట్టడానికి దళసరి దుప్పట్లు రెండు, తాడు, నాలుగు మేకులు కావాలి. పొద్దున్నే వెళ్ళి నేనే కట్టిస్తాను.